మామ తుడిచిన బండి

మురికి వేయడంలో నన్ను మించినవాళ్ళు మా రైలు క్లబ్బులో లేరు. నవ్వకండి, అదీ ఒక విద్యే. మూరెడు పొడవుండే ఇత్తడి బొమ్మ ఇంజన్‌కి నల్లరంగు వేసి మెరిపించడం ఎవరైనా చేస్తారు. ఆ మెరుపు చంపాలి. పొగగొట్టం చుట్టూ మసి, బాయిలర్ పక్కన నీళ్ళు కారి ఎండిన తెల్లచారలు, చక్రాల దగ్గర జిడ్డు, మెట్ల అంచున తుప్పు, ఇవన్నీ సన్న బ్రష్షుతో, సుద్దపొడితో తెచ్చిపెట్టాలి. చూసినవాడు ఉండబట్టలేక వేలితో తాకి, వేలు చూసుకోవాలి. వేలికి ఏమీ అంటకూడదు. అదీ నా పనితనం.

నేను తార్నాకలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పిల్లలకి మామిడిపండు, జాతీయజెండా నేర్పించీ నేర్పించీ నా బుర్ర మొద్దుబారిపోయింది. అలాంటి రోజుల్లో, రిటైరైన ప్రొఫెసర్ సూర్యనారాయణగారు యూనివర్సిటీ క్యాంపస్‌లో చిన్నరైళ్ళ క్లబ్బు పెట్టారని, రంగులు వేసేవాళ్ళు కావాలని తెలిసి వెళ్ళాను. ఇంజనీరింగ్ కాలేజీ వెనక వాడకుండా వదిలేసిన రేకుల షెడ్డు. బల్లల మీద పట్టాలు, అట్టతో చేసిన స్టేషన్లు, అగ్గిపుల్లలంత సిగ్నళ్ళు. సార్ ఇత్తడిరేకు కోసి, టంకం పెట్టి ఇంజన్లు తయారుచేస్తారు. రంగు నా వంతు. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే వంట ముగించి అటు పరుగు.

"మనింట్ల రైలుకు టైముకు డ్యూటీ, మనుషులకు సల్లటి బువ్వ" అని మా ఆయన దయాకర్ ఎత్తిపొడుపు. ఎత్తిపొడిచేవాడికి గిన్నె పొయ్యి మీద పెట్టుకుని వేడిచేసుకోవడం మాత్రం రాదు.

నిజానికి మా ఇంట్లో అసలు రైలు మనిషి మా మామ, వెంకటనర్సయ్య. జనగామ దిక్కు పల్లె నుంచి వయసులో ఉన్నప్పుడే వచ్చి లోకో షెడ్డులో క్లీనర్‌గా చేరాడు. అంటే, ఆవిరి ఇంజన్లు తుడిచే పని. క్లీనర్‌గా చేరినవాడు ఫైర్‌మన్ కావాలి, ఫైర్‌మన్ డ్రైవర్ కావాలి, అదీ మెట్ల వరస. మామ కంటి పరీక్షలో తప్పాడు. మొదటి మెట్టు మీదే ఆగిపోయాడు. ఆవిరి ఇంజన్లు పోయేదాకా తుడిచాడు, పోయాక వర్క్‌షాపులో సామాన్లు మోశాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆయనకు ఏ సిగ్గూ లేదు. సిగ్గంతా నాకే ఉండేది.

సాయంత్రం నేను కూరగాయలు తరుగుతుంటే వంటగది గడపలో కూచుని మొదలుపెట్టేవాడు.

"ఛబ్బీస్ చార్ అని బండి ఉండె బిడ్డా." ఇరవైయారు సున్నా నాలుగు అని ఇంజన్ నంబరు. సున్నా మింగేసి లోకో షెడ్డులో అందరూ హిందీలో అలాగే పిలిచేవాళ్ళట. "నేనూ, నా జతగాడు ఇమ్మానుయేలూ నూనెల ముంచిన పీచు పట్టుకొని చెరోదిక్కు తుడిస్తే, అద్దమే. డ్యూటీ దిగినంక గండ్లనే మొకం సూస్కొని క్రాపు దువ్వుకునేది. డ్రైవర్లు గా బండే గావాలని కొట్లాడుకునేది."

"అవునా మామా" అనేదాన్ని ఉల్లిపాయ మీంచి తల ఎత్తకుండా. ఎన్నిసార్లు విన్న ముచ్చటో! ఇప్పటికీ చొక్కా జేబులో దువ్వెన పెట్టుకుంటాడు. దువ్వెన మిగిలింది గానీ దువ్వడానికే పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆయన చెప్పినదాంట్లోంచి నేను తీసుకున్నది నంబరొక్కటే.

ఎందుకు తీసుకున్నానంటే, మొన్న వేసవిలో సార్ పెద్ద ఇంజన్ ఒకటి మొదలుపెట్టారు. మీటర్ గేజ్ ప్యాసింజర్ బండి లాగే నల్ల ఇంజన్. షెడ్డు చుట్టూ కొత్తగా వేసిన పట్టాల మీద మొదట నడిచేది అదే. లోపల చిన్న మోటారు, పొగ కోసం పొగగొట్టంలో నూనెచుక్క. "దీనికి ఏ నంబరు వేద్దామమ్మా?" అని అడిగారు. టక్కున ఇరవైయారు సున్నా నాలుగు అన్నాను.

"అదే ఎందుకు?"

"మా మామగారి బండి సార్."

"ఓహో! మీ మామగారు రైల్వేనా? చెప్పనేలేదే! ఏం చేసేవారు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. ఆ క్లబ్బులో ఒకరి నాన్న చీఫ్ ఇంజనీరు, ఇంకొకరి తాత స్టేషన్ మాస్టర్, మరొకరి పెదనాన్న ఏదో బోర్డు మెంబరు. ఆ వరసలో నా వంతు వచ్చింది.

"డ్రైవర్ సార్" అన్నాను.

నరం లేని నాలుక అని ఊరికే అనలేదు పెద్దలు. అన్నాక నాలుక కరుచుకోబోయాను గానీ, అందరి మొహాల్లో గౌరవం చూసి ఊరుకున్నాను.

అక్కడితో పోతే బాగుండేది. సార్ వదిలే మనిషి కాదు. క్యాంపస్ చూడ్డానికి అందరూ వచ్చే రోజున మొదటి పరుగు పెట్టుకున్నారు. "ఆవిరి ఇంజన్ నడిపిన చెయ్యి మనకి దొరికింది! ఆయన చేత్తోనే మొదలవ్వాలి. ఇంకో మాట లేదు" అన్నారు. మోకాళ్ళ నొప్పులు సార్ అన్నాను. "దానికేముందమ్మా, నేనే కారేసుకుని వస్తాను" అన్నారు.

ఇంటికొచ్చి మామకు చెప్తే ఆయన నమ్మలేదు.

"నన్నా? ప్రొఫెసర్లుండే కాడికి నన్నెందుకు పిలుస్తరు?"

"ఛబ్బీస్ చార్ బొమ్మ చేసినం మామా. నువ్వే నడిపియ్యాలెనట."

ఆయన లేవబోయి మళ్ళీ కూచున్నాడు. "మల్ల దాన్ని కండ్ల జూస్త అనుకోలె బిడ్డా. మంచిగ నల్లగ మెరుస్తున్నదా?"

"వచ్చి చూద్దువు గని" అని తప్పించుకున్నాను. అప్పటికే మురికంతా వేసి, పైన మెరుపు లేని వార్నిష్ కొట్టేశాను. ఆ వార్నిష్ ఒకసారి కొట్టాక మురికి గోటితో గీకినా రాదు. నేను వేసినవాటిలో అంత బాగా వచ్చిన మురికి ఇంకోటి లేదు. దాన్ని చూసి సార్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు.

"ఇగో మామా, ఆడ పెద్ద పెద్దోళ్ళుంటరు. ఎవ్వరేమడిగినా నవ్వి ఊకో. ఎక్కువ మాట్లాడకు."

"నాకేం మాట్లాడొస్తది బిడ్డా. బండిని జూసొస్త. గంతే" అన్నాడు. తెల్ల కండువా తానే ఉతుక్కుని, ఎదురింట్లో ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చుకున్నాడు.

ఆ రోజు షెడ్డు కిటకిటలాడింది. పిల్లలు, తల్లిదండ్రులు, ఎక్కడ చూసినా ఫోన్లెత్తిన చేతులు. సార్ మామను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూచోబెట్టారు. ఆయన ముందు బల్ల మీద అట్టముక్క నిలబెట్టి ఉంది. 'ముఖ్య అతిథి: శ్రీ వెంకటనర్సయ్య, ఆవిరి ఇంజన్ డ్రైవర్.'

మామకు చదవడం వచ్చు, నిదానంగా. ఒక్కో అక్షరం పెదాలు కదుపుతూ చదివాడు. చివరి మాట దగ్గర పెదాలు ఆగాయి. తలెత్తి నాకోసం వెతికాడు. నేను పైన రేకులకేసి చూశాను. ఎంతసేపు చూస్తాను? కిందికి చూసేసరికి ఆయన అట్టముక్కను కొంచెం పక్కకి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

సార్ మైకు తీసుకుని, ఇంజన్ మీద కప్పిన గుడ్డ లాగారు. "అబ్బా" అని అందరూ ముందుకి వంగారు.

"చూడండి, ఆ మసి చూడండి! ఈ తెల్లచారలు చూడండి! కొత్త బొమ్మలా మెరిస్తే ఏముంటుందండీ అందం? పనిచేసిన ఇంజన్ ఇలా ఉంటుంది. మా పూర్ణిమ డ్రైవర్‌గారి కోడలు కాబట్టే ఈ మురికి ఇంత నిజంగా కుదిరింది" అన్నారు సార్.

చప్పట్లు. మామ లేచి ఇంజన్ ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. వంగి, బాయిలర్ మీది చారల్ని చూశాడు. భుజం మీది కండువా కొస వేలికి చుట్టి నెమ్మదిగా తుడిచాడు. పోలేదు. కొసను నోట్లో తడిచేసి మళ్ళీ తుడిచాడు. పోలేదు. ఇంజన్ని ఎడంచేత్తో ఒడిసిపట్టుకుని, మోచెయ్యి దాకా బలం పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మామా! ముట్టకు! ఖరాబైతది!"

నా గొంతు రేకులకి తగిలి షెడ్డంతా మోగింది. ఇంట్లో పాలగిన్నె ముట్టుకున్న పిల్లి మీద కూడా అలా అరవను. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేను గబగబా దగ్గరికి వెళ్ళాను.

"పోతలేదు బిడ్డా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

"అది పోదు మామా. రంగు."

"రంగా?" మళ్ళీ ఇంజన్‌కేసి చూశాడు. "కావాలనే ఏసినవా?"

"ఔ మామా."

ఇంతలో హరిచందన అని, క్లబ్బుకి వీడియోలు తీసే స్టూడెంట్ అమ్మాయి, మైకు పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల, ఏ పాపం తెలియదు. "తాతగారూ, మీరు నడిపిన రోజుల్లో ఈ ఇంజన్ నిజంగా ఇంత మురికిగా ఉండేదా?" అని అడిగింది.

మామ మైకుకేసి చూశాడు. లేదు అనాలంటే ఎందుకు లేదో చెప్పాలి. 'నేను తుడిచేవాణ్ణి కాబట్టి' అనాలి. అంటే డ్రైవర్ పోతాడు, డ్రైవర్‌తో పాటు ఆయన కోడలి పరువు పోతుంది. 'ఉండేది' అంటే, ఆయనకు బతుకు మొత్తం మీద చెప్పుకోవడానికి ఉన్న ఒక్క గొప్పా పోతుంది. ఆయన నాకేసి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పొద్దని. ఊపుతున్నానని అప్పుడు నాకే తెలియదు. తర్వాత వీడియోలో చూశాను.

"ఔ బిడ్డా" అన్నాడు మైకులో. "గిట్లనే ఉండేది."

"మరి శుభ్రం చేసేవాళ్ళు ఉండేవాళ్ళు కాదా?"

"ఉండేటోళ్ళు. క్లీనర్లని." ఆగాడు. ఆ అమ్మాయి ఇంకా మైకు పట్టుకునే ఉంది. "ఒట్టి సోమరిపోతులు. బీడీలు తాగుకుంట కూసుంటుండిరి."

షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అదీ వీడియోలో ఉంది.

సార్ మీట మీద మామ చెయ్యి పెట్టించారు. ఇంజన్ పొగ వదులుతూ షెడ్డు చుట్టూ తిరిగింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు. ఆయన దాన్ని చూడలేదు. కండువా కొసను విప్పి, చూసి, మళ్ళీ మడిచాడు. దానికి ఏమీ అంటలేదు. అంటదు, నా పనితనం అలాంటిది మరి.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, ఇంజన్ నడిపిన కబుర్లు ఏవైనా చెప్పమని సార్ అడిగారు. మామ మోకాళ్ళు గుంజుతున్నాయని కళ్ళు మూసుకున్నాడు. ఇంటికొచ్చాక దయాకర్ "ఎట్లైంది నాయినా?" అంటే, "మంచిగైంది. నీ పెండ్లాం పని మస్తుగున్నదని అందరూ మెచ్చుకున్నరు" అన్నాడు. ఏ మరకా లేని కండువాను నల్లా కింద పెట్టి ఉతికాడు.

ఆ తర్వాత సాయంత్రాలు నేను కూరగాయలు తరుగుతూనే ఉన్నాను, గడప ఖాళీగానే ఉంది. ఆయన బయట అరుగు మీద కూచుని రోడ్డు చూసేవాడు. పిలిస్తే వచ్చి తినేవాడు. ఆ ముచ్చట ఎప్పుడాగుతుందిరా దేవుడా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఇప్పుడు ఆగింది. హరిచందన పంపిన వీడియో స్కూలు స్టాఫ్‌రూమ్‌లో చూశాను. నా తల ఊగడం, నా పళ్ళు బయటపడడం చూసి ఒళ్ళంతా చీదరేసింది. తోటి టీచర్ "ఎవరు పూర్ణిమా, మీ మామగారా?" అని వెనక నుంచి తొంగిచూస్తే ఫోన్ బోర్లించేశాను. బోర్లించాక ఇంకా సిగ్గేసింది. మళ్ళీ దాచాను కదా!

తర్వాతి ఆదివారం షెడ్డుకి వెళ్ళి, అందరూ ఉండగానే, థిన్నర్ సీసా మూత తీసి దూది ముంచాను. బాయిలర్ మీద మొదటి రుద్దుకే తెల్లచార కరిగింది.

"అయ్యయ్యో! ఏంటమ్మా ఇది, మతిపోయిందా? బంగారం లాంటి పని!" అని సార్ పరుగెత్తుకొచ్చారు.

"సార్, మా మామ డ్రైవర్ కాదు" అన్నాను. అందరికీ వినబడేలా గట్టిగానే అన్నాను. "హరిచందనా, ఫోన్ తీయమ్మా. ఆ రోజు తీశావుగా, ఇది కూడా తియ్. మా మామ క్లీనర్. ఎప్పుడూ డ్రైవర్ కాలేదు. ఈ బండిని ఆయన తుడిచేవాడు. అందులో మొహం చూసుకునేటట్టు ఉండేది. డ్రైవర్ అని అబద్ధం చెప్పింది నేను. నా అబద్ధం కాపాడ్డానికి ఆయన తన్ను తానే తిట్టుకున్నాడు. నేను నవ్వాను."

సార్ కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు.

"క్లీనర్ అనుంటే నేను కారు తీసుకుని రాననుకున్నావా అమ్మా?"

వచ్చేవారేనేమో. సార్‌కి ఆ పరీక్ష పెట్టకుండానే నేను ఫెయిల్ చేసేశాను. నేను తలదించుకుని దూది మార్చాను. సార్ పక్కన స్టూలు లాక్కుని, తనూ ఒక దూదిముక్క తీసుకుని చక్రాల జిడ్డు తుడవసాగారు.

మురికితో పాటు కింది నలుపు కూడా అక్కడక్కడ లేచింది. ఆ వారమంతా స్కూలు వదలగానే షెడ్డుకి వెళ్ళాను. మళ్ళీ నల్లరంగు, అది ఆరాక నిగనిగలాడే వార్నిష్. దుమ్ము పడుతుందని ఊపిరి బిగబట్టి వేశాను. జన్మలో అంత మెరుపు నేను ఏ బొమ్మకీ వేయలేదు. "ఇంటికి తీసుకెళ్ళి ముందు ఆయనకి చూపించమ్మా" అని సార్ తన శాలువాలో చుట్టి ఇచ్చారు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గతుక్కీ దేవుణ్ణి తల్చుకుంటూ తెచ్చాను.

మామ అరుగు మీదే ఉన్నాడు. పక్కన ఇంజన్ పెట్టి శాలువా తీశాను. ఎండ ఇంకా ఉంది. బాయిలర్ మీద వీధి మొత్తం కనబడింది, ఎదురింటి గేటు, కరెంటు తీగలు, మేమిద్దరం.

ఆయన నోరు తెరుచుకుంది. "ఛబ్బీస్ చార్" అన్నాడు. వేలితో కాదు, వేలి వెనక భాగంతో, మరక పడుతుందని భయపడుతూ తాకాడు.

"అందరికీ చెప్పేసిన మామా. నువ్వు డ్రైవర్ కాదని, క్లీనర్‌వని, నేనే అబద్ధమాడిన్నని. అందరి ముంగటనే చెప్పిన. వీడియో గూడ తీసిండ్రు. ఈ బండి నువ్వే తుడిచేటోనివని, అద్దంలెక్క ఉండేదని, అన్నీ చెప్పిన."

"చెప్పినవా?" అన్నాడు. ఆయన మొహం విప్పారింది. ఎన్నాళ్ళకో! వంగి బాయిలర్‌లో చూసుకున్నాడు. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయి దువ్వెన తీసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కడిగేసుకున్నాను, బతికిపోయాను అనుకున్నాను.

దువ్వెన తల దాకా వెళ్ళి ఆగింది.

"ఇమ్మానుయేలు పేరు చెప్పినవా?"

నేను చూపు రోడ్డు మీదికి తిప్పాను.

"నేనొక్కన్నే తుడ్వలే గద బిడ్డా. ఒకదిక్కు నేను, ఒకదిక్కు ఆడు. నీకు చెప్పిన గద."

చెప్పాడు. ఎన్ని సాయంత్రాలు చెప్పాడో! నా తప్పు చెప్పుకున్నాను, నా మామ గొప్ప చెప్పుకున్నాను. ఆ రెండో మనిషి నా నోట్లోకే రాలేదు.

"లేదు మామా" అన్నాను.

"ఆడు పోయి శానేండ్లాయె. నన్ను నేను తిట్టుకుంటే నా ఇష్టం. ఆన్ని గూడ సోమరిపోతన్న, మైకుల. అందరు నవ్విరి." దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. "ఏ మొకం సూస్కోను గిండ్ల?"

"నేను రేపే పోయి చెప్త మామా. పేరు పెట్టి చెప్త."

"వద్దు. అన్నది నేను. నేనే వచ్చి చెప్త. గా మైకులనే." శాలువా అందుకుని నా చేతిలో పెట్టాడు. "అప్పటిదంక కప్పిపెట్టు."

నేను ఇంజన్ మీద శాలువా కప్పాను.